'ఏలియన్స్' మొదటి గంటలో ఏం జరుగుతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. అమీర్‌పేట హాస్టల్లో నలుగురు స్నేహితులు కలిసి ల్యాప్‌టాప్‌లో 1986 నాటి 'ఏలియన్స్' పెట్టుకున్నారు. గంట గడిచినా ఏమీ జరగడం లేదు, ల్యాగ్ అంటూ ఇద్దరు మధ్యలోనే పడుకున్నారు. మీకు మాత్రం విపరీతంగా నచ్చింది. పొద్దున వాళ్లకు ఎందుకు నచ్చిందో చెప్పబోతే మాటలు దొరకలేదు. మొదటి భాగం గొప్పదా, ఇదా అనీ, దొరుకుతున్న రెండు వెర్షన్లలో ఏది చూడాలనీ కూడా అడిగారు.

నేను హైదరాబాద్‌లో ఎడిటర్‌ని. ఫిల్మ్‌ను స్ప్లైసర్ మీద కోసి అతికించే రోజుల్లో అసిస్టెంటుగా చేరాను. ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌లో నాకో చిన్న ఎడిట్ సూట్ ఉంది. నా దగ్గర కొత్తగా చేరే పిల్లలందరికీ మొదటి నెలలోనే ఈ సినిమా చూపిస్తాను, అందుకే మీ ప్రశ్నకు జవాబు పొడుగ్గా వస్తుంది. కథంతా బయటపెడుతున్నాను కాబట్టి చూడనివాళ్లు సినిమా చూశాకే చదవండి.

ముందు రెండో భాగం తీసేవాడి చిక్కు ఏమిటో చూద్దాం. 1979లో రిడ్లీ స్కాట్ తీసిన 'ఏలియన్'లో ఏడుగురు మనుషులు, ఒక పిల్లి, ఒకే ఒక్క జీవి. స్విట్జర్లాండ్ చిత్రకారుడు హెచ్.ఆర్. గీగర్ ఊహించిన రూపం అది. గుడ్డులో ఏముందో తెలియదు. మొహాన్ని కరుచుకున్నది ఊడిపోయాక మనిషి లేచి కూర్చుని అన్నం తింటుంటే హమ్మయ్య అనుకుంటాం, అంతలో ఛాతీ చీల్చుకుని ఇంకోటి వస్తుంది. తర్వాత అది ఎంత పెరుగుతుందో, ఎలా ఉంటుందో తెలియదు. ఆ తెలియనితనమే ఆ సినిమా భయం. ఏడేళ్ల తర్వాత హాల్లోకి వచ్చే ప్రేక్షకుడికి ఇవన్నీ తెలుసు. గుడ్డు చూపిస్తే తర్వాత ఏం దూకుతుందో ముందే చెప్పేస్తాడు. అతన్ని మళ్లీ అదే పద్ధతిలో భయపెట్టడం కుదరదు.

మన దగ్గరా ఇప్పుడు ప్రతి పెద్ద సినిమాకీ పార్ట్ 2 ఉంటోంది. చాలామంది ఈ చిక్కును సైజు పెంచి దాటాలని చూస్తారు. విలన్ రెట్టింపు, సెట్ రెట్టింపు, ఫైట్లు రెట్టింపు. 'ఏలియన్స్' తీసిన జేమ్స్ కామెరూన్ కూడా సంఖ్య పెంచాడు, ఒక్క జీవి ఉన్నచోట పుట్టనే పెట్టాడు. కానీ దానికంటే ముందు ఇంకో పని చేశాడు, సినిమా నిలబడింది ఆ పని మీదే. ప్రేక్షకుడికి అన్నీ తెలుసు అన్నదాన్నే భయానికి ముడిసరుకు చేసుకున్నాడు. తెలిసిన మనిషిని ఒక్కదాన్ని తీసుకెళ్లి, ఏమీ తెలియని గుంపు మధ్య నిలబెట్టాడు. మొదటి భాగంలో బతికి బయటపడిన రిప్లీకి తెలుసు, మనకు తెలుసు. ఆమె పనిచేసే కంపెనీ పెద్దలకు తెలియదు, తుపాకులు పట్టుకున్న సైనికులకు తెలియదు. వాళ్లు నవ్వుతున్న ప్రతిసారీ మనం రిప్లీ పక్కన నిలబడి ఉంటాం. మీ స్నేహితులు ఏమీ జరగలేదన్న ఆ గంటలో జరుగుతున్నది ఇదే.

ఒక సీన్ చూడండి. 57 ఏళ్లు నిద్రలో అంతరిక్షంలో కొట్టుకుపోయిన రిప్లీని ఎవరో కనిపెట్టి తెచ్చారు. విచారణలో కంపెనీవాళ్లు ఆమె మాట నమ్మలేదు, లైసెన్స్ రద్దు చేశారు. అంతా లేచిపోతున్నారు. ఆ గ్రహం మీదికి మనిషిని పంపి చూసుకోవచ్చు కదా అని ఆమె అడుగుతుంది. పంపనక్కర్లేదు, అక్కడ మనవాళ్లు ఇరవై ఏళ్లకు పైగా ఉంటూనే ఉన్నారు అంటాడు పెద్దమనిషి. ఎంతమంది అంటే, అరవై డెబ్బై కుటుంబాలు ఉండొచ్చు అంటాడు. అంతే. రాక్షసి లేదు, రక్తం లేదు, హడావిడి సంగీతం లేదు. 'కుటుంబాలు' అన్న ముక్క విని రిప్లీ వేషం వేసిన సిగర్నీ వీవర్ మొహం మారుతుంది. నిండా గుడ్లు ఉన్న ఆ గ్రహాంతర ఓడను మనం మొదటి భాగంలో చూసి ఉన్నాం. దాని పక్కనే పిల్లాపాపలతో కాపురాలు పెట్టారని ఇప్పుడు వింటున్నాం. మొదటి భాగం చూడకుండా ఈ సీన్ చూస్తే మామూలు సంభాషణ. చూసి వస్తే ఒళ్లు జలదరిస్తుంది. మీ స్నేహితులు మొదటి భాగం చూశారో లేదో మీరు రాయలేదు. చూడకపోతే ముందు అది చూపించండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఇక ఆ గంటలో నాటిన విత్తనాల సంగతి. ఎడిటర్‌గా నాకు ఈ సినిమా మీద ఉన్న గౌరవమంతా ఇక్కడే మొదలవుతుంది. చివర్లో రిప్లీ బరువులెత్తే యంత్రంలోకి ఎక్కి రాణి ఏలియన్‌తో కలబడుతుందని అందరికీ గుర్తుంటుంది. ఆ యంత్రం గురించి సినిమా మనకు రెండుసార్లు చెప్పింది. రేవులో లోడర్ నడుపుతున్నావటగా అని కంపెనీ మనిషి బర్క్ ఆమె ఇంటికి వచ్చినప్పుడు కాస్త చులకనగానే అంటాడు, అది మొదటిసారి. తర్వాత కాలనీతో సంబంధాలు తెగిపోయి, సైనికులతో కలిసి రిప్లీ అక్కడికి బయల్దేరుతుంది. ఆ ఓడలో సైనికులంతా పనిలో ఉంటే ఊరికే కూర్చోలేక, నేనేమైనా చేయనా, ఆ లోడర్ నడపగలను అని ఆమె అడుగుతుంది. రెండడుగులు వేసి పెట్టె ఎత్తి చూపిస్తుంది. సార్జెంట్ ఏపోన్, కార్పొరల్ హిక్స్ నవ్వుతారు. ఆ నవ్వు చాలా ముఖ్యం. సీన్ అసలు పని యంత్రాన్ని పరిచయం చేయడమే అయినా మనం దాన్ని ఒక ఆడమనిషి సైనికుల దగ్గర గౌరవం సంపాదించుకున్న ఘట్టంగా చూస్తాం. అందుకే గుర్తుంటుంది, పైగా నాటుతున్నట్టు తెలియదు. గంటన్నర తర్వాత తలుపు లేచి ఆ యంత్రంలో రిప్లీ కనపడితే, ఇది ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్కరూ అడగరు.

అలాంటివే ఇంకా ఉన్నాయి. వైద్యశాలలో గాజు జాడీల్లో ఉన్న రెండు సజీవమైన ఫేస్‌హగ్గర్లు, అంటే మొహాన్ని కరుచుకునే జీవులు. హిక్స్ రిప్లీకి ఇచ్చే ఆచూకీ పట్టీ, దాన్ని ఆమె కాలనీలో దొరికిన చిన్నపిల్ల న్యూట్ చేతికి కట్టడం. తుపాకీ ఎలా పట్టుకోవాలో, గ్రెనేడ్ ఎలా వేయాలో హిక్స్ నేర్పించడం. సైనికుల ఓడలో ఉండే బిషప్ వేళ్ల మధ్య కత్తి ఆట, ఆ తర్వాత అతని వేలి మీద తెల్లటి చుక్క, అది చూసి ఇతను మనిషి కాదని రిప్లీ ఒక్కసారిగా వెనక్కి తగ్గడం. మొదటి భాగంలో ఇలాంటి యంత్రమానవుడే ఆమెను చంపబోయాడు కాబట్టి ఆ భయం మనకూ అంటుకుంటుంది. సినిమా అయ్యేసరికి ఆ బిషప్పే సగం శరీరంతో నేలను పట్టుకుని న్యూట్‌ను కాపాడతాడు. ఒక్క వస్తువు, ఒక్క మనిషి వృథా కాలేదు.

తెలిసినవాళ్లలో రిప్లీకి తోడు ఇంకొకరున్నారు, ఆ పిల్ల. కాలనీ అంతా పోయాక గాలి గొట్టాల్లో దాక్కుని బతికిన న్యూట్. వీళ్లు సైనికులు, నిన్ను కాపాడటానికే వచ్చారు అని రిప్లీ చెబితే, దానివల్ల తేడా ఏమీ ఉండదు అని ఆ పిల్ల మామూలుగా అంటుంది. గొంతులో ఏడుపు లేదు, బెదురు లేదు. ఆ వేషం వేసిన కారీ హెన్‌కు అప్పటికి నటనలో అనుభవం లేదు. తండ్రి అమెరికా వైమానిక దళ ఉద్యోగి కావడంతో ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న పిల్లను బడిలో చూసి తీసుకున్నారు. తర్వాత ఆమె నటిగా కొనసాగలేదు, టీచర్ అయింది. బాలనటుల దగ్గర సాధారణంగా కనిపించే ముద్దు ఆమెలో మచ్చుకైనా లేదు. బహుశా అందుకే ఆ మాట అంత గట్టిగా తగులుతుంది.

ఇప్పుడు పుట్టలోకి దిగే ఘట్టం. మన లెక్కలో చెప్పాలంటే ఇంటర్వెల్ బ్యాంగ్. 137 నిమిషాల సినిమాలో అది దాదాపు సగంలోనే పడింది. నేను ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే.

సైనికులు లోపలికి వెళ్తారు. రిప్లీ, బర్క్, లెఫ్టినెంట్ గోర్మన్ బయట కవచ వాహనంలో తెరల ముందు కూర్చుంటారు. ఇప్పుడు సైనికులున్నది రియాక్టర్ చల్లబరిచే వ్యవస్థ కింద అని ముందుగా పట్టుకున్నది రిప్లీ. అక్కడ తూటాలు పేలిస్తే మొత్తం పేలిపోతుంది. దాంతో గోర్మన్ మందుగుండు వెనక్కి తీసుకోమంటాడు. అంటే కథ సైనికుల చేతుల్లోంచి ఆయుధాలు లాగేసింది, అదీ ఒక తార్కికమైన కారణంతో. ఈ సినిమాకు ముందూ వెనకా వచ్చిన ఎన్నో సినిమాల్లో తుపాకీ పనిచేయకపోవడం రచయిత అవసరం కోసం జరుగుతుంది. ఇక్కడ ఇంజినీరింగ్ కోసం జరుగుతుంది. గోర్మన్‌కు యుద్ధ అనుభవం లేదని కూడా అప్పటికే తెలుసు. అతని లెక్కలో 38 దిగుడులు ఉన్నాయి, అన్నీ శిక్షణవే, నిజమైనవి ఇదీ కలిపి రెండు.

దాడి మొదలయ్యాక ఎడిటింగ్ గమనించండి. చాలా భాగం మనం నేరుగా చూడం. సైనికుల శిరస్త్రాణాల మీద ఉన్న కెమెరాల్లోంచి, ఊగుతూ, మసకబారుతూ, గీతలు పడుతూ వచ్చే బొమ్మల్లో చూస్తాం. పక్కనే ప్రాణసూచికలు, ఒక్కొక్కటే చదునైపోతున్న గీతలు. గోర్మన్ ఏపోన్‌ను పిలుస్తూనే ఉంటాడు, అటు నుంచి జవాబు లేదు. కట్ లోపలికి, మంట. కట్ బయటికి, గోర్మన్ నుదుటి చెమట. మనకు యుద్ధం కంటే యుద్ధం చేజారిపోవడం ఎక్కువ కనిపిస్తుంది. దీనికి డబ్బు కోణం కూడా ఉంది. సుమారు 1.85 కోట్ల డాలర్ల బడ్జెట్ సినిమా ఇది. ఏలియన్ దుస్తులు చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. పూర్తి వెలుతురులో, నిలకడగా ఉన్న షాట్‌లో చూపిస్తే ఆరుగురు మనుషులు నల్ల దుస్తుల్లో ఉన్నట్టే కనపడేది. మసక తెరల్లో చూపిస్తే వందలు ఉన్నట్టు అనిపిస్తుంది. లేమిని కథ చెప్పే పద్ధతిగా మార్చుకోవడం అంటే ఇదీ అని పిల్లలకు ఈ రీలే వేసి చూపిస్తాను. ఎడిటర్ రే లవ్‌జాయ్. '2001: ఏ స్పేస్ ఒడిస్సీ', 'ది షైనింగ్' కూడా ఆయనే ఎడిట్ చేశారు. ఈ సినిమాకు ఆయనకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

రెండోది, కమాండ్ గదిలో కదలికలను పసిగట్టే పరికరం సీన్. తలుపులు వెల్డింగ్ చేశారు, కరెంటు పోయింది, ఎర్ర దీపాలు. సైనికుడు హడ్సన్ పరికరం చూస్తూ మీటర్లు చదువుతుంటాడు. తొమ్మిది, ఎనిమిది, ఏడు. టిక్కుల మధ్య ఎడం తగ్గుతోంది. అది గది కొలతకంటే తక్కువ, అంటే అవి గదిలోపలే ఉండాలి, కుదరదు అంటుంది రిప్లీ. పరికరం సరిగ్గానే చెబుతోంది అని హడ్సన్ అరుస్తాడు. ఎదురుగా తలుపు, తలుపు దగ్గర ఏమీ లేదు. అప్పుడు రిప్లీ మెల్లగా తల పైకెత్తుతుంది. హిక్స్ బల్ల మీదికెక్కి పైకప్పు పలక తొలగించి టార్చి వేస్తాడు.

ఈ సీన్‌ను ఒకసారి బొమ్మ ఆపేసి శబ్దంతో మాత్రమే వినండి. నేను సూట్‌లో దీపాలార్పి వినిపిస్తాను. అంకెలు తగ్గడం, టిక్కులు దగ్గరవడం, ఊపిరి, అంతే. రాక్షసి ఎక్కడా లేదు, మన బుర్ర మాత్రం లెక్క కడుతూనే ఉంటుంది. ప్రేక్షకుడికి కూడికలు తీసివేతలు అప్పగించి భయపెట్టిన సీన్ ఇంతకంటే గొప్పది నేను చూడలేదు. శబ్దాల ఎడిటింగ్‌కు డాన్ షార్ప్‌కు ఆస్కార్ వచ్చింది. విజువల్ ఎఫెక్ట్స్‌కు రెండోది. మొత్తం ఏడు నామినేషన్లు. అందులో సిగర్నీ వీవర్‌కు ఉత్తమ నటి నామినేషన్ ఉంది, ఇలాంటి సినిమాలో నటనకు అకాడమీ ఆ గౌరవం ఇవ్వడం చాలా అరుదు.

ఆ రెండు సీన్ల మధ్యలో వైద్యశాల ఘట్టం ఉంది. రిప్లీ, న్యూట్ నిద్రలేచేసరికి జాడీలు ఖాళీ, తలుపు బయట నుంచి తాళం, తుపాకీ ఎవరో బయట పెట్టేశారు. రిప్లీ కెమెరా ముందు చేతులూపుతుంటే అవతల బర్క్ చడీచప్పుడు లేకుండా ఆ తెర ఆపేస్తాడు. నాకు ఈ సినిమాలో అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించే షాట్ అదే. రాక్షసులు వాటి సహజగుణం ప్రకారం పోతున్నాయి. ఈ మనిషి లాభం కోసం ఒక వేలు కదిపాడు.

ఇక రాణి గది. కింద ఎక్కడో న్యూట్ చిక్కుకుపోయింది, ప్రాంతమంతా కొద్ది నిమిషాల్లో పేలిపోతుంది. రిప్లీ తుపాకీకి మంటలు చిమ్మే ఫ్లేమ్‌త్రోయర్‌ను టేపుతో చుట్టుకుని ఒంటరిగా లిఫ్ట్‌లో దిగుతుంది. పిల్లను విడిపించుకుని పరిగెత్తి పరిగెత్తి నేరుగా గుడ్ల మధ్యలోకే వచ్చి పడుతుంది. అప్పటికి సంగీతం కూడా తగ్గిపోతుంది. మెల్లగా గుడ్లు పెడుతున్న గొట్టం, దాని వెంట పైకి వెళ్తే రాణి. ఈ జీవి మొదటి భాగంలో లేదు. గుడ్లు ఎవరు పెడుతున్నారన్న ప్రశ్న మనం అడగలేదు, సినిమా అడిగి జవాబు చెప్పింది.

తర్వాత జరిగేదానిలో డైలాగ్ లేదు. చుట్టూ ఏలియన్లు దగ్గరికొస్తాయి. రిప్లీ ఒక్కసారి మంట వదిలి, ఆ గొట్టాన్ని గుడ్ల వైపు తిప్పుతుంది. రాణికి అర్థమవుతుంది. తల కదిపితే ఏలియన్లు వెనక్కి తగ్గుతాయి. పిల్లను చంకనెత్తుకున్న ఒక తల్లి, గుడ్ల మధ్య ఉన్న ఇంకో తల్లి, నా పిల్లను వదులు, నీ పిల్లలను వదులుతాను అని ఒప్పందానికి వచ్చారు. రిప్లీ అడుగు వెనక్కి వేస్తూ పోతోంది. అప్పుడు పక్కన ఒక గుడ్డు విచ్చుకుంటుంది. రిప్లీ తల పక్కకు వంచి రాణిని చూస్తుంది. ఆ చూపు మీద కట్ ఎంతసేపు ఆగిందో చూడండి. ఒక్క క్షణం తక్కువైతే ఆమె కోపంలో కాల్చినట్టు ఉండేది, ఎక్కువైతే నాటకీయంగా ఉండేది. ఉన్నంతలో ఆమె నిర్ణయం తీసుకున్నట్టు ఉంది. ఆ తర్వాత మంట పెడుతుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మార్నింగ్ షోకి వెనక వరసలో నిలబడి జనం ఎక్కడ ఫోన్ తీస్తున్నారో, ఎక్కడ ముందుకు వంగుతున్నారో చూడటం మా వృత్తిలో భాగం. ఒక్క మాట లేకుండా ఇంతసేపు జనాన్ని ముందుకు వంచి ఉంచగలిగే సీన్ రాయడమంటే ఏమిటో ఆ అలవాటు ఉన్నవాళ్లకు తెలుస్తుంది.

రాణిని ఎలా చేశారో తెలిస్తే మీ స్నేహితులకు కూడా ఆసక్తి పుడుతుంది. సుమారు 14 అడుగుల బొమ్మ. కామెరూన్ గీసిన బొమ్మను స్టాన్ విన్‌స్టన్ బృందం నిజం చేసింది. లోపల ఇద్దరు మనుషులు, పైన క్రేన్, బయట కడ్డీలు, తీగలు, హైడ్రాలిక్స్ పట్టుకున్న ఇంకొందరు. ఇది అసలు కుదురుతుందా అని మొదట ప్రయోగం చేసినప్పుడు చర్మం స్థానంలో వాడింది నల్లటి చెత్త సంచులు. క్రేన్‌కు వేలాడదీసి ఇద్దరు మనుషులను ఎక్కించి కదిపి చూశారు, కుదిరింది. చివరి పోరాటంలో కొన్ని షాట్లు చిన్న నమూనాలతో తీశారు. రిప్లీ నడిపే లోడర్‌ను నిజంగా నడిపింది ఆమె వెనక దాగిన ఒక బలశాలి. నిద్రపేటికలు కొన్నే చేసి అద్దం పెట్టి రెట్టింపు వరస చూపించారు. కంప్యూటర్‌లో తయారుచేసిన జీవి ఇందులో ఒక్కటీ లేదు.

'మాయాబజార్'లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ 1957లో చూపిన నమూనా ద్వారకను, కెమెరాలోనే చేసిన మాయలను చూసి పెరిగిన మనకు ఈ పనితనం కొత్త కాదు. చేత్తో చేసిన మాయలో బరువు ఉంటుంది, నీడ పడాల్సినచోట పడుతుంది. ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఎన్నో మంచి వీఎఫ్ఎక్స్ స్టూడియోలున్నాయి, వాళ్లతోనే రోజూ పనిచేస్తాను, వాళ్ల ప్రతిభ మీద నాకు సందేహం లేదు. అయినా రాణి దవడ నుంచి కారే జిగురు వీవర్ మొహం మీది వెలుతురులోనే మెరుస్తుంటే ఆ ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారని కన్ను నమ్ముతుంది. ఆ నమ్మకం తర్వాత తెచ్చిపెట్టడం చాలా కష్టం.

షూటింగ్ లండన్ దగ్గర పైన్‌వుడ్ స్టూడియోలో జరిగింది. పుట్ట కోసం పశ్చిమ లండన్‌లో మూతబడిన యాక్టన్ లేన్ విద్యుత్ కేంద్రాన్ని వాడుకున్నారు. ఆ ఇనుప జాలీల నేల, గొట్టాలు, మెట్లు సెట్ కాదు కాబట్టే నడుస్తుంటే అంత బరువుగా మోగుతాయి. సైనికులుగా వేసినవాళ్లకు బ్రిటిష్ సైన్యపు ప్రత్యేక దళం ఎస్‌ఏఎస్ పద్ధతిలో రెండు వారాలు శిక్షణ ఇచ్చారు. వీవర్‌ను, బర్క్ వేసిన పాల్ రైజర్‌ను, గోర్మన్ వేసిన విలియం హోప్‌ను అందులో కలపలేదు. అందుకే ఆ ముగ్గురూ గుంపులో బయటివాళ్లలాగే కనిపిస్తారు. కవచాల మీద రాతలూ బొమ్మలూ నటులు ఎవరికి వాళ్లు వేసుకున్నవే. ఏపోన్ వేసిన ఆల్ మాథ్యూస్ నిజజీవితంలో వియత్నాంలో పోరాడిన మెరీన్. అత్యాధునిక ఆయుధాలున్న సైన్యం తనకు తెలియని నేల మీద ఓడిపోవడం వెనక వియత్నాం యుద్ధం ఉందని కామెరూన్ స్వయంగా చెప్పాడు. అది తెలిశాక హడ్సన్ మొదటి గొప్పలు, తర్వాతి ఏడుపు రెండూ వేరుగా వినిపిస్తాయి. బిల్ ప్యాక్స్‌టన్ ఆ పాత్రను పిరికివాడిగా వేయలేదు, నిజం ముందుగా ఒప్పుకున్నవాడిగా వేశాడు. చివరికి అతను పోరాడుతూనే పోతాడు.

సంగీతం గురించి క్లుప్తంగా. మనం ఆర్‌ఆర్ అంటామే, ఆ నేపథ్య సంగీతం జేమ్స్ హార్నర్ చేశాడు. పని మొదలుపెట్టేసరికి సినిమా ఇంకా ఎడిటింగ్‌లోనే ఉంది. గడువు కరిగిపోయింది, చివర్లో తప్పించుకునే ఘట్టానికి ముఖ్యమైన ముక్క రాత్రికి రాత్రి రాశాడు. ఆ ముక్క తర్వాత ఏళ్ల తరబడి ఎన్నో సినిమాల ట్రైలర్లలో వాడారు, మీరు తెలియకుండానే విని ఉంటారు. మొదట్లో ఓడ తేలుతున్నప్పుడు వచ్చే ఒంటరి స్వరంలో స్వరకర్త ఖచటూరియన్ 'గయానే' బాలే ఛాయ ఉంది. నాకు ఆ హడావిడి సంగీతం కంటే ఈ చల్లటి ముక్కే ఎక్కువ ఇష్టం.

మొదటి భాగమా ఇదా అన్నదానికి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బొమ్మ అందం, మౌనం, వింతతనం మొదటిదానిలో ఎక్కువ. ఒక్కో ఫ్రేమ్‌ను గోడకు తగిలించుకోవచ్చు. నన్ను మళ్లీ మళ్లీ పిలిచేది మాత్రం రెండోదే, ఎందుకంటే అందులో మనుషులు ఒకరికోసం ఒకరు నిలబడతారు. గోర్మన్‌నే తీసుకోండి. అతని చేతగానితనం వల్లే అంతమంది పోయారు. చివర్లో గాయపడిన సైనికురాలు వాస్క్వెజ్ కోసం గాలి గొట్టంలో వెనక్కి వెళ్లి, ఇద్దరూ ఒకే గ్రెనేడ్‌ను పట్టుకుని పోతారు. కొన్ని సెకన్ల షాట్, కానీ ఒక మనిషి మొత్తం మారిపోయాడు.

వెర్షన్ల సంగతి. థియేటర్లలో వచ్చింది 137 నిమిషాలు. 1990ల మొదట్లో లేజర్‌డిస్క్ మీద వచ్చిన స్పెషల్ ఎడిషన్ 154 నిమిషాలు. మొదటిసారి చూసేవాళ్లు 137 నిమిషాలదే చూడాలి. పొడుగుదానిలో కాలనీ ఇంకా బతికి ఉన్న రోజుల్ని, న్యూట్ కుటుంబం ఆ ఓడను కనిపెట్టడాన్ని ముందే చూపిస్తారు. సీన్‌గా బాగుంటుంది కానీ దెబ్బ ఎక్కడ తగులుతుందంటే, తర్వాత సైనికులతో కలిసి ఖాళీ కాలనీలో అడుగుపెట్టినప్పుడు మనకు ఊహించుకోవడానికి ఏమీ మిగలదు. సగం తిని వదిలేసిన తిండి, యాసిడ్‌తో కరిగిన నేల, అడ్డుగా పేర్చిన బల్లలు, వీటిని చూసి ఇక్కడ ఏం జరిగిందో మనమే కూర్చుకోవాలి.

పొడుగుదానిలో రెండు సీన్ల కోసం రెండోసారి అది చూడండి. ఒకటి, తన కూతురు అమాండా 66 ఏళ్ల వయసులో చనిపోయిందని రిప్లీకి తెలిసే సీన్. పదకొండో పుట్టినరోజుకు ఇంటికి వస్తానని మాటిచ్చి వెళ్లిన తల్లి ఆమె. ముసలి కూతురి ఫొటోగా చూపించింది వీవర్ సొంత తల్లిది. ఇది కోసేసినందుకు వీవర్ బాధపడింది, ఆ బాధ న్యాయమైనదే. ఈ రెండు నిమిషాలు ఉంచి ఉంటే న్యూట్ కోసం ఆమె పడే తపనకు వేరు దొరికేది. రెండోది, వాటంతట అవే పేలే కాపలా తుపాకులు. ఏలియన్లు కనపడవు, తూటాల లెక్క చూపించే అంకెలు మాత్రం తెర మీద తగ్గిపోతుంటాయి. ఒక తుపాకీలో పది తూటాలు మిగిలి ఉండగా అవి వెనక్కి తగ్గుతాయి.

2024లో వచ్చిన 4కే డిస్క్‌లో ఫిల్మ్ గ్రెయిన్, అంటే ఫిల్మ్ మీద కనిపించే సన్నటి నలుసులను, బాగా తుడిచేశారు, మొహాలు మైనంలా నున్నగా కనిపిస్తాయి. పాత బ్లూరే దొరికితే అదే నయం. ఛాయాగ్రాహకుడు ఏడ్రియన్ బిడిల్ వేసిన నీలి వెలుతురుకు ఆ గ్రెయిన్ కావాలి. ల్యాప్‌టాప్ స్పీకర్లతో మాత్రం చూడకండి. హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, లేదా ఎవరి గదిలో మంచి స్పీకర్లుంటే అక్కడికి పోండి. నేను మొదట చూసింది చిక్కడపల్లి వీడియో లైబ్రరీ క్యాసెట్‌లో, అరిగిపోయిన బొమ్మ మీద. అప్పుడు కూడా నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది ఆ టిక్కుల శబ్దమే.

ఇంకో మాట. ఇది పూర్తవగానే అదే ఊపులో మూడో భాగం పెట్టేస్తారేమో. 1992లో వచ్చింది, డేవిడ్ ఫించర్ తొలి సినిమా, దానికీ దాని బలాలున్నాయి. కానీ మొదటి నిమిషాల్లోనే న్యూట్, హిక్స్ ఇద్దరూ పోతారు. ఆ పిల్లను బతికించడానికి రిప్లీ ఏం చేసిందో అప్పుడే చూసి ఉంటారు. కనీసం వారం ఆగి పెట్టండి.